తుపాకీకి బెదరని చెయ్యి కత్తిని చూస్తే ఎందుకు వెనక్కి పోతుంది?

పిస్టల్‌ని విప్పి, ఆ ముక్కలన్నీ బల్ల మీద వరసగా పరిచి, నూనె గుడ్డతో తుడిచి, మాట్లాడుతూ మాట్లాడుతూనే మళ్లీ బిగించేసే మనుషులు ఉంటారు. షూటింగ్ రేంజ్‌లో పక్కవాడు పేలుస్తుంటే వాళ్లకి రెప్ప కూడా పడదు. అలాంటి మనిషి ముందు ఎవరైనా ఒక పొడవాటి కత్తిని ఒరలోంచి బయటికి తీస్తే, బెదిరించడానికి కూడా కాదు, ఊరికే చూడమని తీసినా సరే, ఒక అడుగు వెనక్కి పడుతుంది. చేతులు వాటంతట అవే పొట్ట దగ్గరికి వచ్చేస్తాయి. చూపు ఆ మొన దగ్గరే ఆగిపోతుంది, ఎదుటివాళ్లు ఏం చెప్తున్నారో చెవికెక్కదు. "తుపాకులంటే నాకేం భయం లేదు గానీ ఈ కత్తులు మాత్రం నా వల్ల కాదు" అంటారు, కాస్త సిగ్గుపడుతూ.

సిగ్గుపడాల్సిన విషయం ఇందులో ఏమీ లేదు. కానీ చుట్టూ ఉన్నవాళ్లు నవ్వుతారు, లేదంటే లెక్కలు చెప్తారు. ఎక్కువమంది ప్రాణం తీసేది తుపాకీ అయినప్పుడు దాని దగ్గర లేని భయం ఇక్కడ ఎందుకొచ్చింది అని అడుగుతారు. ఆ లెక్క తప్పేం కాదు. ఫ్రాంక్లిన్ జిమ్రింగ్ అనే అమెరికన్ న్యాయశాస్త్ర పరిశోధకుడు షికాగో పోలీసు రికార్డులు తిరగేసి, తుపాకీ దాడుల్లో మనిషి చనిపోయే అవకాశం కత్తి దాడుల్లో కంటే దాదాపు 5 రెట్లు ఎక్కువని 1968లోనే చూపించాడు. ఫిలడెల్ఫియా నగరంలో 2003 నుంచి 2007 వరకు తూటా గాయాలతోనో కత్తిపోట్లతోనో ఆస్పత్రులకి చేరిన 4,122 మందిని ఒక అధ్యయనం లెక్కలోకి తీసుకుంటే, తూటా తగిలినవాళ్లలో 33 శాతం మంది చనిపోయారు, కత్తిపోట్లు తిన్నవాళ్లలో 7.7 శాతం మంది. కారణం పెద్ద రహస్యం కాదు. కత్తి తన పొడవు ఉన్నంతవరకే లోపలికి వెళ్లగలదు, అదీ పట్టుకున్న చేతి బలాన్ని బట్టి. తూటాకి ఆ హద్దు లేదు, అడ్డొచ్చిన ఎముకని పగలగొట్టుకుంటూ పోతుంది.

కాబట్టి కత్తి భయం చావుల లెక్క చూసుకుని పుట్టింది కాదు. ఇంకెక్కడో పుట్టింది. ఎక్కడ అనేదే అసలు ప్రశ్న.

ముందు ఒక చిన్న మెలిక విప్పాలి. "నాకు తుపాకీ అంటే భయం లేదు" అని ఎవరైనా అన్నప్పుడు వాళ్ల కళ్ల ముందు ఉండేది ఏ తుపాకీ? తమ చేతిలో ఉన్నది. తాము కొనుక్కున్నది, లేదా డ్యూటీలో ఇచ్చింది, దాని బరువు తమకి తెలుసు, ట్రిగ్గర్ ఎంత నొక్కితే పేలుతుందో తెలుసు. అదే మనిషి "కత్తి అంటే భయం" అన్నప్పుడు తలచుకునేది ఇంకొకరి చేతిలో ఉన్న కత్తిని, దాని మొన తనవైపు తిరిగి ఉండగా. అంటే పోల్చుతున్నవి రెండు ఆయుధాలు కానే కావు, ఆయుధానికి అటు చివర, ఇటు చివర. తుపాకీ గొట్టం తనవైపు తిరిగితే ఆ మనిషికీ గుండె జారుతుంది, అందులో అనుమానం లేదు. ఇంత చిన్న విషయం పట్టించుకోకపోవడం వల్లే ఈ ప్రశ్న చాలామందికి అసలున్న దానికంటే ఎక్కువ వింతగా కనిపిస్తుంది.

కానీ ఈ మెలిక విప్పినా భయం మొత్తం విడిపోదు. ఎందుకంటే బల్ల మీద ఎవరి చేతిలోనూ లేకుండా పడి ఉన్న కత్తిని చూసినా ఒళ్లు జలదరించేవాళ్లు ఉన్నారు, అదే బల్ల మీద పిస్టల్ ఉంటే తీసి పక్కన పెట్టేసి కూర్చుంటారు.

తుపాకీతో అలవాటు పడటం అంటే ఏమిటో దగ్గర నుంచి చూస్తే ఇక్కడ కొంత అర్థమవుతుంది. మొదటిసారి పిస్టల్ పేల్చినప్పుడు ఎవరైనా అదిరిపడతారు. ఆ శబ్దం 150 డెసిబెల్స్ దాటుతుంది, చెవులకి రక్షణ లేకపోతే ఒక్క దెబ్బకే వినికిడి దెబ్బతినొచ్చు. మణికట్టు ఎగిరిపడుతుంది, ఖాళీ తొడుగు వేడివేడిగా పక్కకి దూకుతుంది. యాభయ్యోసారికి ఆ అదురు తగ్గుతుంది. అయిదువందల సార్లు పేల్చాక అదొక పని అంతే. శబ్దంతో పాటు నియమాలు కూడా ఒంటికి పడతాయి. జెఫ్ కూపర్ అనే అమెరికన్ శిక్షకుడు ప్రచారంలోకి తెచ్చిన 4 సూత్రాలు ప్రపంచంలో చాలా రేంజ్‌లలో మొదటి రోజే చెప్తారు: ప్రతి తుపాకీలోనూ తూటా ఉందనే అనుకో, నాశనం చెయ్యకూడని దేనివైపూ గొట్టం తిప్పకు, గురి కుదిరేదాకా ట్రిగ్గర్ మీద వేలు పెట్టకు, నీ గురి ఏదో, దాని వెనక ఏముందో చూసుకో. ఈ నాలుగింటిలో ఏ ఒక్కటి తప్పినా మిగతా మూడు చాలావరకు కాపాడతాయి, అలా పేర్చిన నియమాలు ఇవి.

అన్నిటికంటే ముఖ్యమైనది, తుపాకీని ఖాళీ చెయ్యొచ్చు. తూటాలుండే పెట్టె, అంటే మ్యాగజైన్, బయటికి లాగేస్తారు. పిస్టల్ పైభాగాన జరిగే స్లైడ్‌ని వెనక్కి లాగి పట్టుకుని, పేలే ముందు తూటా కూర్చునే ఛాంబర్‌లోకి తొంగిచూస్తారు. వెలుతురు చాలకపోతే చిటికెన వేలు లోపల పెట్టి తడుముతారు, చల్లటి లోహపు కన్నం తప్ప ఏమీ తగలదు. ఆ క్షణం నుంచి చేతిలో ఉన్నది ఒక ఇనప ముక్క. పేలే వస్తువు, పేలని వస్తువు అనే రెండు స్థితులు తుపాకీకి ఉన్నాయి, ఆ రెంటి మధ్య గీత మన చేతుల్లో ఉంది, ఎప్పుడంటే అప్పుడు చూసి నిర్ధారించుకోవచ్చు. (ఖాళీయే అనుకుని పేల్చేసిన ప్రమాదాలు లేవని కాదు, చాలా ఉన్నాయి. అవి చూసుకోకుండా "అనుకోవడం" వల్ల జరిగినవి.)

కత్తికి ఖాళీ అనే స్థితి లేదు. అది ఎప్పుడూ నిండుగానే ఉంటుంది. ఒరలో ఉన్నంతసేపు తప్ప, బల్ల మీద ఉన్నా, చేతిలో ఉన్నా, కింద పడుతున్నా, తన పని చెయ్యడానికి సిద్ధంగానే ఉంటుంది. సేఫ్టీ లేదు, తూటాలు అయిపోవడం లేదు, ఇరుక్కుపోవడం లేదు. దాన్ని పేల్చడానికి ఎవరూ నిర్ణయం తీసుకోనక్కర్లేదు, చెయ్యి జారితే చాలు. తుపాకీ మనిషికి తెలిసిన భద్రత అంతా "స్థితిని సరిచూసుకోవడం" మీద నిలబడి ఉంటే, సరిచూసుకోవడానికి ఏమీ లేని వస్తువు ముందు ఆ మనిషికి కాళ్ల కింద నేల కదిలినట్టే ఉంటుంది. పైగా తుపాకీకి గంటలు గంటలు శిక్షణ తీసుకున్నవాళ్లలో చాలామంది కత్తికి ఒక్క గంట కూడా తీసుకుని ఉండరు, ఎందుకంటే కత్తి అందరికీ వచ్చనే అనుకుంటారు.

ఇదంతా బుర్రకి సంబంధించిన భాగం. ఒంటికి సంబంధించిన భాగం ఇంతకంటే లోతైనది, ఈ భయానికి అసలు వేరు అక్కడే ఉందనిపిస్తుంది.

బ్లేడు వేలికి తగిలిన క్షణాన్ని గుర్తు చేసుకోండి. ముందు నొప్పి ఉండదు. చర్మం మీద సన్నటి తెల్ల గీత ఒకటి కనిపిస్తుంది, అంచులు రెండూ కొంచెం విడిపోయి ఉంటాయి, ఏం జరిగిందో కళ్లకి తెలుస్తుంది గానీ ఇంకా ఏమీ అనిపించదు. ఒక క్షణం, రెండు క్షణాలు. అప్పుడు ఆ గీత పొడుగునా చిన్న చిన్న ఎర్రటి బొట్లు ఉబికి వచ్చి ఒకదాంట్లో ఒకటి కలిసిపోతాయి, మంట మొదలవుతుంది. నొప్పి కంటే ముందు వచ్చే ఆ ఖాళీ క్షణమే చాలామందికి జీవితాంతం గుర్తుండిపోయేది. చర్మం నొప్పిని కనిపెట్టే నరాల కొసలతో నిండిపోయి ఉంటుంది, వేలికొసల్లో స్పర్శ మరీ ఎక్కువ, అందుకే అరసెంటీమీటరు గాటు కూడా పెద్ద దెబ్బలా అనిపిస్తుంది.

ఇలాంటి జ్ఞాపకం లేని మనిషి భూమ్మీద దాదాపు ఉండడు. తూటా తగిలిన జ్ఞాపకం ఎంతమందికి ఉంటుంది? తుపాకీతో రోజూ పనిచేసేవాళ్లలో కూడా చాలా తక్కువమందికి. 9 ఎంఎం తూటా సెకనుకి దాదాపు 350 మీటర్ల వేగంతో పోతుంది, కంటికి కనపడదు, అది ఒంట్లోకి దిగితే ఎలా ఉంటుందో ఊహించాలంటే ఊహకి పట్టు దొరకదు. తుపాకీ ప్రమాదం మనకి తెలిసిన సంగతి. కత్తి ప్రమాదం మనం అనుభవించిన సంగతి. ఈ రెంటికీ చాలా తేడా ఉంది. కత్తిని చూడగానే ఒంటికి వేరే వివరణ అక్కర్లేదు, చిన్నప్పటి గాటు ఒకటి దగ్గరుంచుకుని దాన్నే వందరెట్లు చేసి చూపిస్తుంది.

ఈ మాటకి ప్రయోగాల ఆసరా కూడా ఉంది. 2005లో ఇటలీలో అలెస్సియో అవెనాంటి బృందం కొంతమందికి వీడియోలు చూపించింది. ఒకదాంట్లో ఒక చేతిలోకి సూది లోతుగా దిగుతుంది, ఇంకోదాంట్లో అదే చేతిని దూదిపుల్ల మెల్లగా తాకుతుంది, మరోదాంట్లో సూది దిగేది టమాటాలోకి. చూసేవాళ్ల మెదడు నుంచి చేతి కండరాలకి వెళ్లే సంకేతాలని కొలిచారు. పరాయి చేతిలోకి సూది దిగుతుండగా చూసినప్పుడు చూసేవాళ్ల చేతిలో అదే కండరానికి వెళ్లే సంకేతం తగ్గిపోయింది, సూది తమకే గుచ్చుకున్నట్టు ఆ కండరం స్పందించిందన్నమాట. దూదిపుల్లకి, టమాటాకి అలా జరగలేదు. అంటే పదునైన మొన చర్మంలోకి దిగడం మనం చూసే దృశ్యం మాత్రమే కాదు, చూస్తుండగానే ఒంట్లో ఎక్కడో అదే చోట జరుగుతుంది. కత్తి తీసినప్పుడు చేతులు పొట్ట దగ్గరికి ఎందుకు వెళ్తాయో దీన్ని బట్టి కొంత ఊహించవచ్చు.

కొందరు దీనికి పరిణామ సిద్ధాంతంతో సమాధానం చెప్పేస్తారు. మనిషి రాతి అంచులతో కోయడం మొదలుపెట్టి ఇరవై లక్షల ఏళ్లు దాటింది, తుపాకీ వచ్చి కొన్ని వందల ఏళ్లే, అందుకని పదునంటే పుట్టుకతోనే భయం అంటారు. వినడానికి బాగానే ఉంటుంది గానీ అంత తేలిగ్గా ఒప్పుకోలేం. 2006లో ఇసబెల్ బ్లాంషెట్ చేసిన ప్రయోగాల్లో మనుషులు పాములనీ సాలీళ్లనీ ఎంత త్వరగా పసిగడతారో, తుపాకులనీ సిరంజిలనీ అంతే త్వరగా పసిగట్టారు. 2010లో వనెసా లోబ్యూ చేసిన ప్రయోగం ఇంకా సూటిగా ఉంది. బొమ్మల గుంపులోంచి పెద్దవాళ్లు సిరంజిని, కత్తిని రెంటినీ మామూలు వస్తువుల కంటే త్వరగా పట్టుకున్నారు. బడికి వెళ్లే వయసు ఇంకా రాని పిల్లలు సిరంజిని త్వరగా పట్టుకున్నారు గానీ కత్తిని పట్టుకోలేదు. ఇంజెక్షన్ నొప్పి ఏమిటో ఆ పిల్లలకి తెలుసు, కత్తి ఇంకా వాళ్లని కొయ్యలేదు, ముట్టుకోనివ్వరు కదా. పుట్టుకతో వచ్చే భయమే అయితే పిల్లల్లోనూ కనిపించాలి. అనుభవం నేర్పిన భయం అనడానికే ఇక్కడ ఎక్కువ ఆధారం ఉంది.

రక్తం సంగతి వేరే చెప్పుకోవాలి. కత్తి అనగానే కొంతమందికి భయం కంటే ముందు కళ్లు తిరుగుతాయి. దీనికి వైద్యంలో ప్రత్యేకమైన స్థానం ఉంది, రక్తం, ఇంజెక్షన్, గాయం అనే మూడింటినీ కలిపి ఒకే రకం ఫోబియాగా చూస్తారు. మిగతా ఫోబియాలన్నిటిలో గుండె వేగం పెరిగి అలాగే ఉంటుంది. ఇందులో మాత్రం ముందు పెరిగి, ఆ తర్వాత గుండె వేగమూ రక్తపోటూ ఒక్కసారిగా పడిపోతాయి, మనిషి నిలబడ్డ చోటే కూలిపోతాడు. ఇది కుటుంబాల్లో నడుస్తుంది కూడా. మొన తేలిన వస్తువులంటేనే విపరీతంగా భయపడటం ఇంకో రకం, దానికి ఐక్మోఫోబియా అనే పేరుంది, సూదీ కత్తెరా కూడా అందులోకే వస్తాయి. ఈ రెంటిలో ఏది ఉన్నా తుపాకీ సాధన దగ్గర ఇబ్బంది రాకపోవచ్చు. అట్ట మీద ముద్రించిన వలయాల్లోకి తూటా పోతే అక్కడ పడేది చిన్న కన్నం, కాగితపు తుంపు, అంతే. రక్తానికీ తుపాకీ సాధనకీ సంబంధమే లేదు.

ఇక దూరం. తుపాకీ తెలిసినవాళ్లకి కత్తి భయం ఎక్కువ ఉండటానికి ఒక గట్టి కారణం ఇందులోనే ఉంది, వాళ్లకి తుపాకీ గురించి బాగా తెలియడమే ఆ కారణం.

ఎడ్వర్డ్ హాల్ అనే మానవశాస్త్ర పరిశోధకుడు 1966లో మనుషుల మధ్య దూరాలని కొలిచి పేర్లు పెట్టాడు. ఒంటి నుంచి దాదాపు 45 సెంటీమీటర్ల లోపు చోటు అత్యంత సన్నిహితులకే. అక్కడికి పరాయివాళ్లు వస్తేనే మనం బిగుసుకుంటాం, చేతిలో ఏమీ లేకపోయినా. కత్తి పనిచేసేది సరిగ్గా ఆ చోటులోనే. అది తగలాలంటే మనిషి అంత దగ్గరికి రావాలి, ఊపిరి తగిలేంత దగ్గరికి. తుపాకీ మనిషి నేర్చుకున్నదంతా ఆ చోటుకి బయట, 7 మీటర్లు, 15 మీటర్లు, 25 మీటర్లు.

1983లో అమెరికాలోని సాల్ట్ లేక్ సిటీ పోలీసు శిక్షకుడు డెన్నిస్ ట్యుల్లర్ ఒక సాదా ప్రశ్న వేసుకున్నాడు. కత్తి పట్టుకున్న మనిషి పరిగెత్తుకుంటూ మీదికి వస్తే ఎంత దూరంలో ఉండగా ప్రమాదం మొదలైనట్టు? మనుషుల్ని పరిగెత్తించి టైమ్ చూస్తే 21 అడుగులు, అంటే దాదాపు ఆరున్నర మీటర్లు, ఒకటిన్నర సెకన్లలో దాటేస్తున్నారు. ఒరలోంచి పిస్టల్ తీసి గురిపెట్టి పేల్చడానికి అలవాటున్న పోలీసుకీ దాదాపు అంతే సమయం పడుతుంది. ఈ కొలతని తర్వాత చాలామంది "21 అడుగుల రూల్" అని చట్టంలా వాడుకున్నారు, దాన్ని అడ్డం పెట్టుకుని అనవసరంగా కాల్పులు జరిపినవాళ్లని సమర్థించారు కూడా, అది తప్పు. ట్యుల్లర్ దాన్ని రూల్‌గా చెప్పలేదు. కానీ ఆ ఒకటిన్నర సెకన్ల సంగతి తుపాకీ శిక్షణలో పాల్గొన్న మనిషికి ఎవరో ఒకరు చెప్పి ఉంటారు, చాలాచోట్ల చేయించి చూపిస్తారు. రంగు పూసిన రబ్బరు కత్తితో తోటి మనిషి మీదికి ఉరికితే, పిస్టల్ ఇంకా సగం ఒరలో ఉండగానే చొక్కా మీద గీత పడిపోతుంది. ఒకసారి ఆ గీత చూసుకున్నాక కత్తి గురించి మనసులో ఉన్న చిన్నచూపు పోతుంది. తుపాకీ ఎప్పుడూ పట్టుకోనివాళ్లు "తుపాకీ ఉంటే కత్తేం చేస్తుంది" అని అనుకోగలరు. పట్టుకున్నవాళ్లు అలా అనుకోలేరు.

పేలినా పని అయిపోదు. సినిమాల్లో ఒక్క తూటాకి మనిషి ఎగిరి అవతల పడతాడు. వాస్తవంలో పిస్టల్ తూటాకి అంత శక్తి లేదు. గుండె పూర్తిగా దెబ్బతిన్నా మెదడులో మిగిలిన ఆక్సిజన్‌తో మనిషి 10 నుంచి 15 సెకన్ల పాటు తలచుకున్న పని చెయ్యగలడని అమెరికా దర్యాప్తు సంస్థ ఎఫ్‌బీఐ 1989లో తన శిక్షణ పత్రంలో రాసింది. ఆ పత్రానికి వెనక ఉన్నది 1986 ఏప్రిల్ 11న మయామీలో జరిగిన కాల్పులు, అక్కడ ప్రాణాంతకమైన తూటా మొదట్లోనే తగిలిన నిందితుడు ఆ తర్వాత కూడా పోరాడుతూనే ఉండి, ఇద్దరు ఏజెంట్లు ప్రాణాలు పోగొట్టుకున్నారు. అతని చేతిలో ఉన్నది తుపాకీయే, కానీ లెక్క కత్తికి కూడా వర్తిస్తుంది. ఒకటిన్నర సెకన్లలో వచ్చి మీద పడ్డ మనిషికి ఇంకా పది సెకన్లు మిగిలే ఉంటాయి.

బుల్లెట్ ప్రూఫ్ జాకెట్ వేసుకుంటే ధైర్యం వస్తుంది కదా అంటే, అక్కడా కత్తి పక్కనుంచి దూరుతుంది. మెత్తటి జాకెట్లలో వాడే కెవ్లార్ పోగుని డ్యూపాంట్ కంపెనీలో స్టెఫనీ క్వోలెక్ 1965లో కనిపెట్టింది. పిస్టల్ తూటా ముక్కు మొద్దుగా ఉంటుంది, వచ్చి తగలగానే అణిగి వెడల్పవుతుంది, వలలో పడ్డ బంతిలా చాలా పోగుల మీద ఒకేసారి భారం పడి ఆగిపోతుంది. సన్నటి మొనకి ఆ అవసరం లేదు, రెండు పోగుల మధ్య దారి చేసుకుంటుంది, అంచు ఆ పోగుల్ని ఒక్కొక్కటిగా కోస్తుంది. అందుకే కత్తిపోటుని ఆపే జాకెట్లు వేరే తయారు చేస్తారు, వాటికి పరీక్షలు కూడా వేరు. తూటాని ఆపిన గుడ్డ కత్తికి లొంగిపోవచ్చని తెలిసిన మనిషికి ఆ కత్తి మీద మర్యాద కలగడం సహజం.

ఇప్పటిదాకా చెప్పింది కత్తి గురించి. కానీ కత్తి దానంతట అది రాదు, పట్టుకున్న మనిషి వస్తాడు, భయంలో పెద్ద వాటా ఆ మనిషిదే. ట్రిగ్గర్ నొక్కడానికి ఒక వేలు, ఒక క్షణం, కొంచెం కోపం చాలు. పొడవాలంటే దగ్గరికి నడవాలి, ముఖం చూడాలి, చేత్తో బలం పెట్టాలి, లోపలికి దిగడం తన చేతికే తెలుస్తుంది, ఒక్కసారికి ఆగకపోతే మళ్లీ మళ్లీ అదే చెయ్యాలి. ఇదంతా చెయ్యడానికి సిద్ధపడ్డ మనిషిని ఊహించుకోవడమే భయంకరం. కత్తి తీసినవాడి ఉద్దేశం మీద మనకి అనుమానం మిగలదు.

సైనికులకి ఇది ఎప్పుడో తెలుసు. ఫ్రెంచ్ సైన్యంలో కల్నల్‌గా పనిచేసి 1870లో యుద్ధంలో చనిపోయిన ఆర్దాన్ దు పిక్, తుపాకీ కొసకి తగిలించే కత్తులతో, అంటే బాయ్‌నెట్లతో, ఎదురెదురుగా వచ్చిన రెండు దళాలు నిజంగా ఒకదాన్నొకటి పొడుచుకోవడం చాలా అరుదని గమనించాడు. ఉక్కు తగలకముందే ఎవరో ఒకరు వెనక్కి తిరిగి పరుగెత్తుతారు. అప్పటిదాకా తూటాల వర్షంలో నిలబడ్డవాళ్లే వాళ్లు. అమెరికా అంతర్యుద్ధంలో ఉత్తరాది సైన్యం ఆస్పత్రులు నమోదు చేసిన దాదాపు రెండున్నర లక్షల గాయాల్లో బాయ్‌నెట్లవీ కత్తులవీ కలిపి వెయ్యి కూడా లేవు. అంతటి యుద్ధంలో ఆ ఆయుధం చంపినవాళ్ల కంటే పరుగెత్తించినవాళ్లు ఎన్నో రెట్లు ఎక్కువ. తుపాకీకి నిలబడి కత్తికి వెనక్కి తిరగడం ఇవాళ్టి మనిషి బలహీనత ఏమీ కాదన్నమాట, కరకు సైనికులు కూడా చేసిన పనే.

మన భాషలో కూడా ఈ తేడా దాక్కుని ఉంది. నమ్మించి మోసం చేస్తే గొంతు కోశాడంటాం, వెన్నుపోటు అంటాం. బిడ్డని పోగొట్టుకున్న తల్లి బాధ కడుపుకోత. పగ పెంచుకుంటే కత్తులు నూరుతున్నారంటాం. తుపాకీ మాటకొస్తే, గొప్పలు చెప్పుకునేవాణ్ణి తుపాకీ రాముడంటాం. దగ్గరివాళ్లు చేసిన గాయాలన్నిటికీ మన నోటికి కత్తే వచ్చింది.

ఇంత చెప్పాక ఒక మాట స్పష్టంగా చెప్పాలి. కత్తి భయం అర్థం చేసుకోదగ్గదే, తుపాకీతో ఉండే నిబ్బరం మాత్రం కొన్నిసార్లు ప్రమాదకరం. అలవాటు భయాన్ని తగ్గిస్తుంది గానీ తూటా శక్తిని తగ్గించదు. కత్తిని చూసి జాగ్రత్తగా పక్కకి జరిగే మనిషి, లోడ్ చేసిన పిస్టల్‌ని పిల్లలు తిరిగే గదిలో సొరుగులో వదిలేస్తే, ఆ ఇంట్లో భయపడాల్సిన వస్తువు ఏదో తారుమారైనట్టే. ప్రమాదం ఎంత ఉందో భయం చెప్పదు, ఆ ప్రమాదాన్ని ఒళ్లు ఎంత గుర్తుపట్టగలదో అది మాత్రమే చెప్తుంది. తూటాని గుర్తుపట్టే ఏర్పాటు ఒంటికి లేదు కాబట్టి ఆ పని నియమాలే చెయ్యాలి, అలవాటైనకొద్దీ ఇంకా గట్టిగా చెయ్యాలి.

చివరిగా, దీని గురించి మాట్లాడేటప్పుడు అందరూ మర్చిపోయే ఒక గుంపు ఉంది. వాళ్ల భయం పరాయివాడి కత్తి మీద కాదు, తమ చేతిలో ఉన్న కత్తి మీద. కత్తి పట్టుకోగానే పక్కన నిలబడ్డ మనిషిని పొడిచేస్తానేమో అనే ఆలోచన మెరుపులా వస్తుంది. వాళ్లకి ఆ మనిషి మీద కోపం ఉండదు, చాలాసార్లు ప్రాణంగా ప్రేమించే మనిషే అయి ఉంటారు, అందుకే ఆ ఆలోచనకి అంతలా బెదిరిపోతారు. కత్తులన్నీ పైఅరలో దాచేస్తారు, ఎవరైనా గదిలో ఉంటే కొయ్యడం మానేస్తారు, ఎవరికీ చెప్పుకోలేక టెన్షన్‌తో ఏళ్లు గడిపేస్తారు. తుపాకీతో ఇంత ఉండకపోవచ్చు, అది తాళం వెనక ఉంటుంది, తీసి లోడ్ చేసేలోపు ఆలోచన దాటిపోతుంది. కత్తి చేతికందే దూరంలో రోజుకి నాలుగుసార్లు ఎదురవుతుంది. ఇది ఓసీడీలో, అంటే వద్దన్నా అవే ఆలోచనలు మళ్లీ మళ్లీ వచ్చి వేధించే మానసిక సమస్యలో, బాగా తెలిసిన రూపం. ఆలోచన రావడం వేరు, చెయ్యాలనుకోవడం వేరు, ఇలాంటి ఆలోచనకి భయపడి వణికేవాళ్లు ఆ పని చేసే మనుషులు కారని దీనికి వైద్యం చేసేవాళ్లు మొదటి రోజే చెప్తారు.

ఈ భయాలకి మంచి వైద్యం ఉంది. రక్తం చూస్తే పడిపోయేవాళ్ల కోసం స్వీడన్ సైకాలజిస్టు లార్స్ యోరన్ ఓస్ట్ 1980లలో ఒక పద్ధతి తయారుచేశాడు. చేతులు, ఛాతీ, కాళ్ల కండరాలు 10 నుంచి 15 సెకన్లు గట్టిగా బిగించాలి, ముఖంలోకి వెచ్చదనం వచ్చేదాకా, తర్వాత 20 నుంచి 30 సెకన్లు మామూలుగా వదిలెయ్యాలి, ఇలా అయిదుసార్లు. రక్తపోటు పడిపోకుండా నిలుస్తుంది, స్పృహ తప్పదు. మిగతా రెండు రకాల భయాలకీ మెట్లు మెట్లుగా దగ్గరికి వెళ్లడమే మార్గం. ముందు కత్తి బొమ్మ. తర్వాత గది అవతలి చివర ఒరలో ఉన్న కత్తి. తర్వాత బల్ల మీద, ఒర లేకుండా. ప్రతి మెట్టు దగ్గరా భయం పెరిగి, కాసేపటికి దానంతట అదే దిగేదాకా అక్కడే కూర్చుంటారు, పారిపోరు, కళ్లు తిప్పుకోరు. తన చేతి మీదే తనకి నమ్మకం లేని ఓసీడీ మనిషికి పై మెట్లలో ఒకటి ఇలా ఉంటుంది: కత్తి పిడి చేతిలో పెట్టి, థెరపిస్టు కుర్చీ దగ్గరికి లాక్కుని, చెయ్యి చాస్తే అందేంత దూరంలో కూర్చుంటారు, ఏ జాకెట్టూ లేకుండా, మామూలుగా మాట్లాడుతూ.